బట్టీ ఎరుగని ఇటుక

మంచిర్యాలలో మా ఇంటి పునాది భూమట్టం దాటిన రోజు మేస్త్రి లారీలోంచి దించిన మొదటి ఇటుకపెళ్లను చేతిలోకి తీసుకున్నాడు. గోటితో గీరాడు. బూడిదరంగు పొడి గోట్లోకి దిగింది. పెళ్లను మళ్లీ కుప్ప మీద పెట్టేసి, "సార్, ఇది పచ్చి ఇటుక. కాల్వనే లేదు. దీంతోని గోడ ఎట్ల లేపమంటరు?" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా ఎర్ర ఇటుకతో ఇళ్లు కట్టిన మనిషి. ఆయన దృష్టిలో ఇటుక అంటే మంటలో ఎర్రబడాలి, రెండు పెళ్లల్ని తాటిస్తే కణకణమనాలి. ఈ బూడిద పెళ్ల ఆ రెండింట్లో ఏ ఒక్కటీ చెయ్యలేదు. నాకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఫ్యాక్టరీలో యంత్రం కింద అదిమి చేస్తారని, ప్రభుత్వం కూడా ఇవే వాడమంటోందని ఏదో చెప్పాను. ఆయన తలూపాడు గానీ తాపీ చేతపట్టలేదు.

అసలు జవాబు తర్వాత దొరికింది. ఆ ఇటుకలోని బూడిద కాలింది. గోదావరి అవతల రామగుండంలోనో, ఇవతల మన జైపూర్‌లోనో, ఎర్ర ఇటుక తన జీవితంలో ఎన్నడూ చూడనంత వేడిలో కాలింది. ఊళ్లో బట్టీ తొమ్మిది వందలు, వెయ్యి డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగుతుంది. థర్మల్ కేంద్రం బాయిలర్‌లో మంట పదమూడు వందలు దాటుతుంది. బొగ్గుతో పాటు అక్కడ ఇంకేం కాలుతుందో చూడాలంటే చాలా వెనక్కి పోవాలి.

సుమారు 27 కోట్ల ఏళ్ల కింద ఈ నేల ఇప్పుడున్న చోట లేదు. ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి గోండ్వానా అనే ఒకే ఖండంగా దక్షిణాన ఉండేది. ఇప్పుడు ప్రాణహిత, గోదావరి పారే ఈ లోయ అప్పుడొక పల్లపు చిత్తడి. నాలుకల్లాంటి ఆకులున్న గ్లోసోప్టెరిస్ చెట్లు పడిపోయి అందులో పోగుపడ్డాయి. అక్కడే ఒక విశేషం జరిగింది. ఆ కాలపు ఏరులు ఆకుల మధ్యకు, కొమ్మల మధ్యకు సన్నని బంకమట్టిని మోసుకొచ్చి నింపాయి. ఆకులు బొగ్గయ్యాయి, మట్టి మట్టిగానే బొగ్గులో ఇమిడిపోయింది. కడిగినా పూర్తిగా పోనంతగా కలిసిపోయింది. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ అని ఇంజనీర్లు ఎప్పుడూ ఫిర్యాదు చేస్తారు. వంద టన్నులు కాలిస్తే ముప్పై నుంచి నలభై టన్నులు బూడిదగా మిగలడం మామూలే. ఆ మిగిలేది చాలావరకు ఆ పాత ఏరుల మట్టే.

అంటే మేస్త్రి ఎరిగిన మట్టి ఈ ఇటుకలోనూ ఉంది. ఎర్ర ఇటుక మట్టి నిన్నటిదాకా వరి పండిన పొలంలోది. బూడిద ఇటుక మట్టి గ్లోసోప్టెరిస్ చెట్ల మొదట్లోది. తేడా అంతే. ఈ ఆలోచన వచ్చాక నేను బూడిద కుప్పను పాత కళ్లతో చూడలేకపోయాను.

విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1871లో ఇల్లెందు దగ్గర ఈ బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920లో ఆ కంపెనీ ఆస్తులన్నీ కొత్తగా పుట్టిన సింగరేణి కంపెనీకి వచ్చాయి. బొగ్గు బాయిలు ఇల్లెందు నుంచి గోదావరి వెంబడి పైకి పాకి బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని చేరాయి. బొగ్గు దొరికిన చోటే కాల్చాలన్న లెక్కతో 1978 నవంబర్ 14న రామగుండంలో ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. అది 2,600 మెగావాట్ల కేంద్రంగా ఎదిగింది. గోదావరికి ఈ పక్కన, మంచిర్యాల జిల్లా జైపూర్‌లో, సింగరేణి తానే 1,200 మెగావాట్ల కేంద్రం పెట్టుకుంది. 2016లో దాన్ని జాతికి అంకితం చేశారు. 2023లో రామగుండంలో ఎన్టీపీసీ తెలంగాణ విద్యుత్ ప్రాజెక్టు కూడా వెలిగింది. మన ఇళ్లలో బల్బు వెలిగిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఇంత బూడిద రాలుతుంది.

ఆ రాలే తీరు చూడదగ్గది. బొగ్గును ముందు పౌడర్ డబ్బాలోని పౌడరంత మెత్తగా నూరి, గాలితో పాటు బాయిలర్‌లోకి ఊదుతారు. ఒక్కో రేణువు మంటలో కొద్ది క్షణాలే ఉంటుంది. అందులోని బొగ్గు కాలిపోతుంది, మట్టి కరిగి బొట్టవుతుంది. గాల్లో తేలే బొట్టు వాన చినుకులాగే గుండ్రంగా మారుతుంది. పొగతో పాటు పైకి పోతూ ఒక్కసారిగా చల్లబడేసరికి స్ఫటికాలు కట్టే తీరిక దానికి దొరకదు, గాజు గోళీలా గడ్డకడుతుంది. సూక్ష్మదర్శినిలో బూడిదను చూస్తే పిల్లల జేబులోంచి ఒలికిన గోళీల్లా కనిపిస్తుంది. చాలావాటి మందం మన తలవెంట్రుక కంటే తక్కువ. కొన్ని లోపల బోలుగా ఉండి, బూడిద చెరువు నీటి మీద తెల్లని నురగలా తేలుతాయి. బరువైన ముద్దలు బాయిలర్ అడుగున పడతాయి. బూడిదలో అవి సుమారు ఐదో వంతు. మిగతాదంతా పొగతో లేచేదే, దాన్నే ఫ్లయాష్ అంటాం.

లేచింది చిమ్నీ దాటకుండా పట్టేది అమెరికా రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కాట్రెల్ 1907 ప్రాంతంలో రూపొందించిన ఉపాయం. పొగ వెళ్లే దారిలో అధిక వోల్టేజి తీగలు వేలాడదీస్తారు. రేణువులకు విద్యుదావేశం అంటుకుంటుంది, ఎదురుగా ఉన్న లోహపు పలకలకు అవి అతుక్కుంటాయి. పలకల్ని సుత్తులతో తడితే కింది తొట్లలోకి జారుతాయి. అక్కడినుంచి నీటితో కలిపి గొట్టాల్లో చెరువుకు పంపడం చాలాకాలం పాటు ఒక్కటే దారి. రామగుండం పక్కన కుందనపల్లి బూడిద చెరువు అట్లా నిండింది. ఎండాకాలం పడమటి గాలి లేచిన రోజు, ఎండిన బూడిద చెరువు పక్క ఊళ్లో ఆరేసిన బట్టలు, బావి నీళ్లు, అన్నం పళ్లెం ఏమవుతాయో అక్కడివాళ్లను అడగాలి. ఆ సన్నని గాజుపొడి ఊపిరితిత్తుల్లోకి దిగితే మంచిది కాదు. బూడిదను ఎక్కడో ఒకచోట గట్టిగా కట్టిపడెయ్యాలన్న తొందర కేంద్రం లోపలి ఇంజనీరు కంటే చెరువు పక్క ఇల్లాలికే ఎక్కువ.

కట్టిపడేసే తాడు సున్నం. ఇది మనకు కొత్త విద్య కాదు. తెలంగాణ పాత ఇళ్లు, గడీలు, కోటలు డంగు సున్నంతో లేచాయి. గుండ్రటి రాతి కాలువలో సున్నం, ఇసుక పోసి, ఎద్దు రాతిచక్రాన్ని తిప్పుతూ ఉంటే గానుగలో సున్నం వెన్నలా నలిగేది. తేమ తగిలే చోట అందులో సుర్కీ కలిపేవారు. సుర్కీ అంటే బాగా కాలిన ఇటుకల పొడి. అది కలిస్తే సున్నం నీళ్లలో కూడా గట్టిపడుతుందని వాళ్లకు అనుభవం చెప్పింది. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ ఆనకట్టలో సున్నం, సుర్కీ కాంక్రీటే ఉంది. ఇటలీలో రోమన్లు ఇదే పనికి పొజ్జువోలి ఊరి అగ్నిపర్వత బూడిదను వాడారు. ఆ ఊరి పేరు మీదనే ఇట్లాంటి పదార్థాలన్నిటికీ పొజోలానా అని పేరు పడింది. అగ్నిపర్వతం, ఇటుక బట్టీ, రామగుండం బాయిలర్ మూడూ చేసేది ఒకటే: మట్టినో రాతినో కాల్చి, దానిలోని సిలికాను, అల్యూమినాను స్ఫటికపు కట్లు విప్పి వదులుతాయి. ఆ వదులైన సిలికా సున్నంతో, నీళ్లతో కలిసి కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే జిగురుగా మారుతుంది. సిమెంట్‌కు బలమిచ్చేదీ ఇదే జిగురు.

చిక్కంతా ఆ జిగురు నిదానంలో ఉంది. సున్నం, ఫ్లయాష్ మాత్రమే కలిపి ఇటుక పోస్తే అది వారాల తరబడి మెత్తగానే ఉంటుంది, మోస్తే అంచులు రాలతాయి. జర్మనీలో విల్‌హెల్మ్ మిఖాయెలిస్ 1880లో ఇసుక, సున్నం ఇటుకల్ని అధిక పీడనం ఉన్న ఆవిరిలో ఉడికించి గంటల్లో గట్టిపరిచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. బాగానే ఉంటుంది, కానీ ఆ ఆవిరి పెట్టెకు, భారీ ప్రెస్సుకు కోట్ల పెట్టుబడి కావాలి, మళ్లీ బొగ్గు కావాలి. ఊళ్లో పది మందితో నడిచే ఇటుకల షెడ్డుకు అది అందదు.

అందేలా చేసింది మన తెలుగువాళ్లే. విశాఖపట్నంలో ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ ఇన్‌స్వారెబ్ అనే పరిశోధన సంస్థ ద్వారా 1990ల మొదట్లో ఫాల్-జి అనే మిశ్రమాన్ని ముందుకు తెచ్చారు. ఫ్లయాష్, లైమ్ (సున్నం), జిప్సం అనే మూడు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. ఇందులో కొత్త చుట్టం జిప్సం. కాంక్రీటు పని తెలిసినవాళ్లకు సల్ఫేటు అంటే భయం. గట్టిపడిన కాంక్రీటులోకి ఆలస్యంగా సల్ఫేటు చేరితే లోపల ఎట్రింజైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలు ఉబ్బి పగుళ్లు తెస్తాయి. ఫాల్-జిలో అదే సూదులు మొదటి రోజుల్లో, మిశ్రమం ఇంకా మెత్తగా ఉండగా పుడతాయి. ఉబ్బడానికి చోటుంటుంది, పగలగొట్టడానికి గట్టిదనం ఇంకా వచ్చి ఉండదు. దాంతో అవి రేణువుల మధ్య గడ్డిపోచల్లా అల్లుకుని ఇటుకను నిలబెడతాయి. ఆ అల్లిక నీడన నిదానపు జిగురు తీరిగ్గా పనిచేసుకుంటుంది. శత్రువును సరైన వేళకు పిలిస్తే సాయం చేస్తాడని కనిపెట్టడం నాకు ఎంతో అందంగా తోస్తుంది. ఈ ఇటుకకు ఆవిరి పెట్టె అక్కర్లేదు, బట్టీ అక్కర్లేదు. పైగా ఆ మూడింటినీ వ్యర్థాల్లోంచే తీసుకోవచ్చు: ఎరువుల ఫ్యాక్టరీల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం తీశాక మిగిలే జిప్సం, వెల్డింగ్‌కు వాడే అసిటిలీన్ వాయువు తయారయ్యాక మిగిలే సున్నపు బురద, బాయిలర్ బూడిద. ఆదా అయిన మంటకు లెక్క కట్టి, ఫాల్-జి ఇటుకల యూనిట్లకు కార్బన్ క్రెడిట్ల డబ్బు ఇప్పించేందుకు ప్రపంచ బ్యాంకు కార్బన్ నిధి కూడా ముందుకొచ్చింది.

చట్టం ఈ ఇటుక వెనకే నడిచింది. కేంద్ర పర్యావరణ శాఖ 1999 సెప్టెంబర్ 14న ఇచ్చిన నోటిఫికేషన్‌లో, థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు మట్టి ఇటుక చేసేవాళ్లు కనీసం నాలుగో వంతు బూడిద కలపాలంది. 2003లో ఆ దూరం 100 కిలోమీటర్లయింది. 2016లో 300 అయింది. రామగుండం నుంచి గీసిన ఆ గీత హైదరాబాద్‌ను దాటిపోయింది. 2021 చివర్లో వచ్చిన నోటిఫికేషన్ బూడిదనంతా వాడి తీరాల్సిన బాధ్యతను విద్యుత్ కేంద్రాల మీదనే పెట్టి, వాడకుండా మిగిల్చిన ప్రతి టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం విధించింది. ఒకప్పుడు తీసుకుపోతామంటే చాలనుకున్న బూడిదకు ఇప్పుడు సిమెంట్ కంపెనీలు, రోడ్ల కాంట్రాక్టర్లు, ఇటుకల షెడ్లు పోటీ పడుతున్నాయి.

ఇటుకల షెడ్డు యంత్రాల దగ్గరికి వద్దాం. మొదటిది పాన్ మిక్సర్. పెద్ద గుండ్రటి ఇనుప పళ్లెం, అందులో తిరిగే రెండు బరువైన చక్రాలు, అంచుల్ని గీకి మధ్యకు తోసే రెక్కలు. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు వెంటనే సున్నపు గానుగ గుర్తొచ్చింది. రాయి ఇనుమైంది, ఎద్దు మోటారైంది, గుండ్రటి కాలువ పళ్లెమైంది. చేసే పని మాత్రం మారలేదు: కలపడం ఒక్కటే చాలదు, నలపాలి. చక్రం కింద నలిగినప్పుడే ప్రతి గాజు గోళీకి సున్నం పూత పడుతుంది. కలిపే పాళ్లు షెడ్డును బట్టి మారతాయి గానీ సగానికి పైగా బూడిద, ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా క్రషర్ డస్ట్ (రాతిపొడి), మిగతాది సున్నం, జిప్సం అన్నది వాడుక. గోదావరి ఇసుక అందులో పొయ్యకపోవడం నాకు తృప్తి. బొగ్గు తీసిన బాయిల్లో ఖాళీలు నింపడానికే ఈ నది ఎన్నో దశాబ్దాలుగా తన ఇసుకను ఇచ్చుకుంది.

నీళ్లు చాలా తక్కువ పోస్తారు. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి తడి అంటకూడదు. బెల్టు మీద ఆ పొడిపొడి మిశ్రమం ప్రెస్సుకు చేరుతుంది. అచ్చులో పడుతుంది, వణికే బల్ల గాలిని బయటికి తోస్తుంది, హైడ్రాలిక్ ముషలం పైనుంచి అదుముతుంది, అచ్చు పైకి లేస్తుంది. చెక్క పలక మీద అంచులు కత్తితో కోసినట్టున్న పెళ్లలు వరుసగా నిలుస్తాయి. ఒక్కోటి మూడు కిలోల పైచిలుకు. అందులో బూడిద కిలోన్నర దాటుతుంది. అంటే ఒక టన్ను బూడిద సుమారు ఆరు వందల పెళ్లల్లో దాగుతుంది. పదిహేను వేల పెళ్లలతో కట్టిన ఇల్లు పాతిక టన్నుల బూడిదను, అంటే దాదాపు రెండు టిప్పర్ల బూడిదను, కుందనపల్లి గాలికి దూరంగా గోడల్లో పెట్టుకుని ఉంటుంది. అంతకు మించిన బరువున్న పొలం మట్టి పొలంలోనే మిగులుతుంది.

ప్రెస్సు చప్పుడు చూసి ఇటుక అక్కడే పుడుతుందనుకుంటాం. ప్రెస్సు ఇచ్చేది ఆకారమే. ప్రాణం వచ్చేది తర్వాత, షెడ్డు వెనక, ఎవరూ చూడని చోట. ఒకట్రెండు రోజులు నీడలో ఉంచి, ఆ తర్వాత కనీసం రెండు వారాలు రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు కొట్టాలి. సున్నం, సిలికా కలిసే ఆ చర్యకు నీళ్లు ఆహారం. మధ్యలో ఎండిపోతే చర్య ఆగిపోతుంది, మళ్లీ తడిపినా పోయిన బలం పూర్తిగా రాదు. మంచిర్యాల మే నెల ఎండలో, నలభై ఐదు డిగ్రీల్లో, పొద్దున కొట్టిన నీళ్లు పదింటికే ఆవిరైపోతాయి. గోనె పట్టా కప్పనివాళ్ల ఇటుక ఉత్త బూడిద ముద్దే. బూడిద ఇటుకకు వచ్చిన చెడ్డపేరులో ముప్పాతిక వంతు ఈ నీళ్లు ఎగ్గొట్టడం వల్ల వచ్చిందని నా నమ్మకం. డబ్బు తిరగాలన్న తొందరలో మూడో రోజే లారీ ఎక్కిస్తారు. పచ్చిగా గోడెక్కిన ఇటుక అక్కడ ఆరుతూ కుంచించుకుపోతుంది, గిలాబు మీద వెంట్రుక మందాన పగుళ్లు లేస్తాయి. ఇంటివాళ్లు బూడిదను తిడతారు.

ఇంకొక దొడ్డిదారి కూడా ఉంది. చాలా షెడ్లు సున్నం, జిప్సం మానేసి నూటికి పది పాళ్ల సిమెంట్ పోస్తున్నాయి. మంచి సున్నం దొరకడం కష్టం, సిమెంట్ బస్తా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, త్వరగా పడుతుంది. వాళ్ల ఇబ్బంది అర్థమవుతుంది. కానీ అప్పుడు బూడిద చెయ్యగల పని చాలావరకు నిద్రలోనే ఉండిపోయి, అది ఉత్త నింపుడు సరుకవుతుంది. అట్లాగని సున్నానికీ మంట కావాలి, సున్నపురాయి కాలినా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఈ ఇటుక పూర్తిగా పాపం లేనిదని నేను అనను. వ్యర్థంగా దొరికే సున్నాన్ని పరీక్షించి, నాణ్యత కాగితంతో షెడ్డుకు చేర్చే ఏర్పాటు ప్రతి థర్మల్ కేంద్రం చుట్టూ ఉంటే ఈ బాధ చాలా తగ్గుతుంది.

బూడిదతో పాటు కూల్చిన ఇళ్ల మట్టి కూడా ఈ వరుసలోకి వస్తోంది. నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల మీద కేంద్రం 2016లో విడిగా నియమాలు తెచ్చింది. హైదరాబాద్ జీడిమెట్లలో 2020లో రోజుకు 500 టన్నుల శిథిలాల్ని మరపట్టే ప్లాంటు మొదలైంది. ఇనుము ఏరి, రాళ్లు నలగ్గొట్టి, కడిగి, ఇసుక, కంకర విడదీసి, ఫుట్‌పాత్ బిళ్లలు పోస్తారు. చిన్న పట్టణాల్లో పాత గోడ కూలిస్తే ఆ మట్టి ఇంకా గుంతల్లోకీ చెరువు కట్టల వెనక్కీ పోతోంది. అందులోని పాత ఎర్ర ఇటుకను మెత్తగా నూరితే వచ్చేది సుర్కీయే కదా. తాతలు విలువ తెలిసి వాడిన సరుకును మనం ట్రాక్టర్ కిరాయి ఇచ్చి పారబోస్తున్నాం. ఓపెన్‌కాస్టు గనుల చుట్టూ, బొగ్గు పైనుంచి తవ్విపోయగా గుట్టలుగా లేచిన ఓబీ (ఓవర్‌బర్డెన్) మట్టిలోనూ ఇసుకరాయి ఉంది. దాన్ని నలిపి కడిగి ఇసుకగా వాడే పని సింగరేణి మొదలుపెట్టింది. అది ఇటుకల షెడ్ల దాకా రావాలి.

ఎర్ర ఇటుకను తలచుకున్నప్పుడు నాకు పెద్దపల్లి వైపు బట్టీలు కళ్లముందుకొస్తాయి. ప్రతి ఏడూ దసరా దాటాక ఒడిశా నుంచి కుటుంబాలు ముందే తీసుకున్న బయానా బరువుతో దిగి, వానలు పడేదాకా అక్కడే పచ్చి ఇటుకలు కోస్తాయి. పిల్లలు ఆ ఇటుకల్ని ఎండకు తిప్పుతూ పెరుగుతారు. షెడ్డులో ప్రెస్సు వచ్చినంత మాత్రాన ఆ కుటుంబాలకు ఏడాది పొడుగునా పని, నీడ, బడి వస్తాయని చెప్పలేను. ప్రెస్సుకు మనుషులు తక్కువ చాలు. కానీ నీళ్లు కొట్టే పనికి, పరీక్షించే పనికి, గోనెలు కప్పే పనికి మనిషి కావాలి. వాళ్ల ముక్కులకు సరైన మాస్కు కావాలి, ఎందుకంటే పాన్ మిక్సర్ దగ్గర లేచే పొడి, బూడిద చెరువు మీద లేచే పొడి ఒక్కటే.

మా ఇంటి దగ్గర ఆగిన సంగతి చెప్పలేదు. మేస్త్రి మాట మనసులో మెదులుతుంటే, పెళ్లలు ఎప్పుడు పోసినవని అమ్మినవాణ్ని గుచ్చి గుచ్చి అడిగాను. నాలుగు రోజులైందన్నాడు. అంటే మేస్త్రి గోరు చెప్పింది నిజం. అవి పచ్చి ఇటుకలే. మంట తక్కువై కాదు, నీళ్లు తక్కువై పచ్చివి. ఆ మాట ఆయనతో అంటే, "నేను చెప్పిన గదా సార్," అన్నాడు.

పని ఆపాం. కుప్పను నీడకు జరిపి, గోనెలు కప్పి, పద్దెనిమిది రోజులు పూటపూటా నీళ్లు కొట్టాం. పంతొమ్మిదో రోజు ఒక పెళ్లను ఎండలో బాగా ఆరనిచ్చి, కిరాణా దుకాణం కాటా మీద తూచి, ఒక రోజంతా బకెట్ నీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ తూచాం. మన దేశపు ప్రమాణం ప్రకారం పీల్చుకున్న నీటి బరువు ఆరిన పెళ్ల బరువులో ఐదో వంతు మించకూడదు. మించలేదు. మేస్త్రి ఆ లెక్క వినలేదు. కుప్పలోంచి రెండు పెళ్లలు తీసి చెవి దగ్గర పెట్టుకుని తాటించాడు. గోటితో గీరి, గోరు చూసుకున్నాడు. తర్వాత హెల్పర్‌ను పిలిచి, మూలకు తాడు కట్టమన్నాడు.